అడ్వాన్స్ బాకీ తీరేదాకా

“మా అమ్మకి నోటీసు పంపింది మీరేనా?”

కళ్ళద్దాల షాపతను ఒంటికాలి మీద లేచి వచ్చాడు. ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఒక పెద్దాయన మోకాలు పట్టుకుని పైకెత్తుతున్న అమ్మాయి తల కూడా తిప్పలేదు.

“నేనే. తాతగారూ, ఇంకొంచెం పైకి... ఆఁ, అలా ఉంచండి. మీరా కుర్చీలో కూర్చోండి. కోపంగా నిలబడితే నడుము పట్టేస్తుంది.”

పెద్దాయన కాలు గాల్లోనే ఉంచుకుని కిసుక్కున నవ్వాడు.

అతను కూర్చోలేదు. “ఒంటరి ఆడమనిషి కదా అని బెదిరిస్తున్నారా? గోడలు పాడుచేసి, అడ్వాన్స్ మొత్తం తిరిగివ్వమంటే ఎలా?”

ఆమె చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. వాళ్ళమ్మ అద్దెకిచ్చిన ఇంట్లో చేరిన రోజు తీసిన వీడియో. కిటికీ కింద తేమ మరక, పెచ్చులూడిన గోడ, పక్కనే తాళాలగుత్తి పట్టుకుని అతని తల్లి. తర్వాత ఖాళీ చేసిన రోజుది. అదే మరక, అదే తల్లి.

“రంగులకని అడ్వాన్స్ పట్టుకున్నారు. వాడుకలో వెలిసిన రంగుకి నేను కట్టక్కర్లేదండీ. అయినా బిల్లు చూపించమన్నాను. ఫోన్ ఎత్తడం మానేశారు. అందుకే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు. దానికీ పలక్కపోతే కోర్టు. ఆ డబ్బొస్తేగానీ నేను ఇంకో ఇల్లు తీసుకోలేను. హాస్టల్లో నలుగురితో ఒక గదిలో సర్దుకుంటున్నాను.”

అతను ఆ రెండు వీడియోలూ మళ్ళీ ఒకసారి చూసి, వచ్చినదారినే వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళి అడిగితే తల్లి అసలు సంగతి బయటపెట్టింది.

“నీ షాపులో కంటి పరీక్ష మెషిన్ నేను దాచుకున్న డబ్బుతో కొన్నాననుకుంటున్నావు కదరా? నా దగ్గరెక్కడుంది? అది ఆ పిల్ల అడ్వాన్సే. ఇప్పట్లో ఖాళీ చెయ్యదులే అనుకున్నాను. చేస్తాననేసరికి చెప్పడానికి మొహం చెల్లక, నెపం గోడల మీదకి నెట్టాను.”

రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో అపురూపంగా తుడుచుకునే మెషిన్ అది. అతనికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు క్లినిక్‌కి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. “మెషిన్ అమ్మేసి ఇస్తానండీ.”

“అమ్మితే సగం కూడా రాదు. షాపు మూతపడితే మిగతాది నాకెవరిస్తారు? నెలనెలా ఇవ్వండి. కాగితం మీద రాసుకుందాం, మీ అమ్మగారు సంతకం పెట్టాలి.”

“నమ్మకం లేదా?”

“ఉంది కాబట్టే ఈ కాగితం. లేకపోతే కోర్టు కాగితమే వచ్చేది.”

ఫోన్‌లో పంపేయగలిగిన డబ్బుని ప్రతి నెలా ఒకటో తారీఖున తానే పట్టుకెళ్ళి ఇచ్చేవాడు. ఒకసారి జోరువానలో ముద్దగా తడిసి వచ్చి, కళ్ళద్దాల పెట్టె తెరిచి పొడి నోట్లు తీశాడు.

“డబ్బుకి గొడుగు పట్టి, మీరు తడిశారా?” అంటూ తువ్వాలు అందించింది. రసీదు రాయడానికి ఆ రోజు ఇద్దరికీ చాలాసేపు పట్టింది.

తలనొప్పిగా ఉందని ఒక సాయంత్రం ఆమే షాపుకి వచ్చింది. మెషిన్ ముందు గడ్డం ఆనించి కూర్చుంది. ఇవతలి నుంచి అతను చూశాడు. అంత దగ్గరగా, రెప్ప వాల్చకుండా ఒక మనిషి కంట్లోకి చూడటం అతనికి రోజూ ఉండే పనే. ఆ రోజు మాత్రం రీడింగ్ రాసుకోవడం మర్చిపోయి, మళ్ళీ మొదటినుంచీ చూశాడు.

“ఏం కనిపిస్తోంది?”

“సైట్ కొంచెం వచ్చింది.”

“అంతేనా?”

“అంతే.”

ఫీజు వద్దంటే ఒప్పుకోలేదు. “నా డబ్బుతో కొన్న మెషిన్ అని వదిలేస్తే లెక్క తప్పిపోతుందండీ!” ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఆమె వెళ్ళాక అతని నవ్వు ఇంకిపోయింది. మనసులో మాట ఇప్పుడు చెబితే? అడ్వాన్స్ ఎగ్గొట్టడానికి ప్రేమ పాట ఎత్తుకున్నాడనుకోదూ? మాట మింగేశాడు.

కొన్నాళ్ళకి ఆమె నుంచి మెసేజ్: ‘ఇకనుంచి అకౌంట్‌లో వేసేయండి. రావద్దు.’

ఏం తప్పు చేశాడో తెలియలేదు. అడిగే హక్కు తనకుందనీ అనిపించలేదు. చెప్పినట్టే చేశాడు.

“ఒకటో తారీఖున నున్నగా గడ్డం గీసుకునేవాడివి, ఇప్పుడేంట్రా ఈ వాలకం?” అంది తల్లి. అతను గడ్డం తడుముకున్నాడు. ఆవిడకి అర్థమైంది. “చివరి వాయిదా నేనే ఇస్తాను. మొహం చాటేసింది నేను కదా. నువ్వూ రా.”

క్లినిక్‌లో డబ్బు చేతికిస్తూ ఆవిడ తల వంచుకుంది. “అబద్ధమాడానమ్మా. నీ ఇబ్బంది ఆలోచించలేదు.”

“చెప్పారుగా, చాలు పిన్నిగారూ. రేపే కొత్త ఇంటికి అడ్వాన్స్ కడుతున్నాను.” ఆమె ఆవిడ చేతులు పట్టుకుని కూర్చోబెట్టింది. మొత్తం ముట్టినట్టు రసీదు రాసిచ్చింది.

అతను ఉండబట్టలేక అడిగాడు. “ఎందుకు రావద్దన్నారు?”

“వచ్చిన ప్రతిసారీ మిమ్మల్ని ఒక మాట అడగాలనిపించేది. బాకీ ఉన్న మనిషి సరే అంటే, అది ఇష్టమో మొహమాటమో ఎలా తెలుస్తుంది? కాదనే వీలుండాలి కదా.”

“నేనూ అందుకే చెప్పకుండా ఆగిపోయాను.”

“ఇప్పుడు ఏ బాకీ లేదు. నిక్షేపంగా కాదనొచ్చు.”

“అనను!”

“ఇంకా అడగలేదండీ బాబూ!”

తల్లి కుర్చీ ముందుకి లాక్కుంది. “అడుగమ్మా. వీడు కాదంటే నేనూరుకోను.”

“మీరలా అనకూడదు పిన్నిగారూ, వీలుండాలి,” అని నవ్వి, ఆమె అతని కళ్ళలోకి చూసి, పెళ్ళి చేసుకుంటారా అని అడిగింది.

అతను తొందరపడలేదు. తలూపి ఊరుకోనూ లేదు. గుండెల నిండా గాలి పీల్చుకుని, వీధి వరకూ వినిపించేలా సరే అన్నాడు.