ఖాళీ పెట్టె

రెండు వస్తువులు ముందు పెట్టి ఏది మంచిదని అడిగితే, అమ్మేవాడు 'రెండూ మంచివే' అనకూడదు. బరంపురం బడాబజార్లో పట్టుచీరల కొట్టు నడిపే రామచంద్రరావు కూతురిగా వాసవికి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలిసిన నీతి అది.

అందుకే కంప్యూటర్ల కొట్లో కౌంటర్ అవతలి యువకుడు "రెండూ మంచియేనండి" అనగానే ఆమెకు చిరాకేసింది.

"అలాగైతే బల్ల మీద ఒక్కటే పెట్టాలి కదా. రెండెందుకు పెట్టారు?"

"మీరే కదండీ రెండూ తియ్యమన్నారు."

నిజమే. వాసవి బల్ల మీదికి చూసింది.

అవి రెండు పాత గ్రాఫిక్స్ కార్డులు. కంప్యూటర్ ఆటల్లో బొమ్మలు తడబడకుండా కదలాలంటే ఇవే దిక్కు. ఒకటి టెన్ సిక్స్‌టీ, ఇంకోటి ఫైవ్ ఎయిటీ. రెండూ ఎవరో కొన్నేళ్లు వాడి వదిలేసినవే. ఫైవ్ ఎయిటీ ఆరు వందలు తక్కువ. రెండిటినీ బ్రష్షుతో బాగానే తుడిచారు గానీ ఒకదాని ఫ్యాన్ రెక్క అంచున సన్నటి దుమ్ము గీత ఉండిపోయింది. వాసవి చూపు తిన్నగా దాని మీదే ఆగింది. అతను ఆ చూపు ఎక్కడ ఆగిందో గమనించి, చొక్కా అంచుతో తుడిచేశాడు.

అతని పేరు ఈశ్వర్. నీలకంఠం గారి కంప్యూటర్ షాపులో రిపేర్లు చూస్తాడు.

"ఏటి ఆడతారో సెప్పకుండా ఏది మంచిదో ఎలా సెప్తానండి?"

"లారీ."

"ఏటి?"

"లారీ తోలే ఆట. సరుకెక్కించి ఊళ్లు దాటించాలి. ఇప్పుడున్న కార్డుతో ఊరు మొదలవగానే లారీ ఆగాగి కదులుతోంది. నవ్వితే నవ్వండి."

"నవ్వటం నేదండి. నిజం లారీ ఎందుకు తోలకూడదా అని ఆలోచిస్తన్నాను."

"ఊరి చివర అంకులి దాటి స్కూటీ మీద కూడా పోనివ్వరు మా ఇంట్లో."

ఈశ్వర్ తల వంచుకున్నాడు. నవ్వు దాచడానికో, జాలి దాచడానికో వాసవికి అర్థం కాలేదు.

"సరే, రెండూ ఇంటికిచ్చేయండి. మూడు రోజులు ఉంచుకుని, ఏదో ఒకటి తిరిగి పంపుతాం."

"అలాటి పద్ధతి నేదండి ఇక్కడ."

"మా కొట్లో ఉంది. అయిదు చీరలు ఇంటికి తీసుకెళ్తారు. మూడు రోజుల్లో నచ్చనివి వెనక్కొస్తాయి. మూడు రోజులు దాటితే మేం తిరిగి అడగం, వాళ్లు తిరిగివ్వరు."

"ఇవి చీరలు కావండి."

ఈశ్వర్ చివరికి నీలకంఠానికి ఫోన్ చేశాడు. అవతలి గొంతు వాసవికి కూడా వినబడింది. "రామచంద్రరావు గారమ్మాయా? హఉ, హఉ, అలాగే. రెండూ ఇచ్చీరా. మా ఇంట్లో పెళ్లి చీరలన్నీ ఆళ్ల కొట్టుయే. కానీ బిగించడానికి నువ్వే ఎల్లు."

ఆ రోజు బుధవారం.

*

కొట్టు పైనే ఇల్లు. సాయంత్రం ఈశ్వర్ వచ్చి టెన్ సిక్స్‌టీ బిగించాడు. రామచంద్రరావు కళ్లజోడు సర్దుకుని పక్కనే నిలబడ్డాడు.

"వెయ్యి అరవై ముందు అయిదొందల ఎనభై ఏ మూలకి, బాబూ? ఇందులో ఆలోచించడానికి ఏటుంది?"

"ఆ నంబర్లు ఇంటిపేర్లలాటియండి. పొడుగ్గా ఉన్నంత మాత్రాన గొప్పోళ్లని కాదు."

రామచంద్రరావు అతన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. కొత్త నేతగాడు చీర తెచ్చినప్పుడు ఆయన అంచు తిప్పి చూసే చూపు అది.

"మీదేవూరు?"

"గిరిసోల దగ్గరండి. నాన్న యవసాయం."

ఆయన తలూపి కిందికి వెళ్లిపోయాడు. ఆ తలూపు మెచ్చుకోలో కాదో వాసవికి తెలియలేదు. ఆ వారమంతా ఆమెకు ఏదీ సరిగ్గా తెలియలేదు.

గురువారం టెన్ సిక్స్‌టీ తీసి ఫైవ్ ఎయిటీ పెట్టాడు. వాసవి పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి, మధ్యలో స్కేలుతో గీత గీసి, రెండు వరసలు రాసుకుంది.

"సెప్పండి. మొదటిది?"

"టెన్ సిక్స్‌టీ సల్లగా ఉంటాది. కరెంటు తక్కువ. సప్పుడు సెయ్యదు."

"రెండోది?"

"దీనికి మెమరీ ఎక్కువ. కొత్త ఆటలొచ్చినా కొంచెం తట్టుకుంటాది. ధరా తక్కువే. కానీ వేడెక్కుద్ది. ఫ్యాను గోల పెడతాది."

"మీరైతే ఏది ఉంచుకుంటారు?"

"పొద్దున్న అడిగితే అదండి. ఇప్పుడడిగితే ఇది."

"అమ్మేవాళ్లు అలా అనకూడదు."

"నేను అమ్మేవోణ్ని కాదండి. బిగించేవోణ్ని."

తెర మీద లారీ ఊళ్లోకి మలుపు తిరిగింది. మూలన అంకెలు కదులుతున్నాయి. సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చెప్పే అంకెలవి. నిన్న అదే మలుపులో యాభై రెండు, ఇవాళ యాభై అయిదు.

"ఆ మూడు తేడా నాకైతే కనబళ్లేదు. మీకు కనబడిందా?"

"నేను తెర సూళ్లేదండి."

వాసవి చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. లారీ పోయి కరెంటు స్తంభాన్ని గుద్దుకుంది.

"అంటే... ఫ్యాను సూస్తన్నాను," అన్నాడు ఈశ్వర్.

ఫ్యాన్ బల్ల కింద ఉంది. అతను కూర్చున్న చోటి నుంచి కనబడదు. ఆ సంగతి చెప్పాలా వద్దా అని ఆమె ఆలోచిస్తుండగానే వాన మొదలైంది. ముందు రేకుల మీద నాలుగు చినుకులు, ఆ వెంటనే బజారంతా ఒకటే హోరు. కింద కొట్టువాళ్లు పరదాలు లాగుతున్న చప్పుడు.

"సోమవారం నుంచి నేను ఛత్రపూర్ ఎల్లిపోతన్నానండి," అన్నాడతను కిటికీ వైపు చూస్తూ. "ఒక ఆఫీసులో కంప్యూటర్లు సూసుకునే పని. అక్కడే గది తీసుకున్నాను. కార్డుకి ఏటైనా అయితే నీలకంఠం గారిని అడగండి."

ఛత్రపూర్ ఎంత దూరం, బస్సెక్కితే గంట పట్టదు. కానీ ఆ గంట దాటించే సాకు వాసవి దగ్గర ఒక్కటి కూడా లేదు. పాడైన కంప్యూటర్ కోసం ఎవరూ జిల్లా కేంద్రం దాకా వెళ్లరు.

"మంచి ఉద్యోగమేనా?" అంది.

"మంచిదేనండి," అన్నాడు, రెండూ మంచివే అన్నప్పటి గొంతుతోనే.

వాన తగ్గలేదు. వాసవి లోపలికి వెళ్లి తన గొడుగు తెచ్చింది. వంకాయ రంగు గొడుగు, అదే రంగు తొడుగుతో సహా. కొన్న వారానికే తొడుగులు పోగొట్టే ఇంట్లో, ఆమె గొడుగు తొడుగు మాత్రం నాలుగేళ్లుగా ఉంది.

"తొడుగు పోగొట్టకండి."

"రేపే తెచ్చిచ్చేస్తాను."

శుక్రవారం వచ్చాడు గానీ గొడుగు తేలేదు. "మర్సిపోయానండి," అన్నాడు. మరుపో, మరేమిటో ఆమెకు బోధపడలేదు.

ఆ రోజు వాసవి కొత్త పరీక్ష పెట్టింది. ఏది బిగించాడో తనకు చెప్పకూడదు. ఫ్యాన్ వినబడకుండా చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంటుంది. లారీ తోలి, కార్డు పేరు తానే చెబుతుంది.

పావుగంట తోలాక, "ఫైవ్ ఎయిటీ," అంది గట్టిగా.

"టెన్ సిక్స్‌టీ అండి."

"మళ్లీ పెట్టండి."

మళ్లీ పెట్టాడు. మళ్లీ తప్పే చెప్పింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న రామచంద్రరావు అన్నాడు, "తేడా కన్ను పట్టుకోనప్పుడు తక్కువ ధరది తీసుకోవాలమ్మా. కొట్లో ఎన్నిసార్లు చెప్పాను."

"మరి కరెంటో నాన్నా?"

"రోజుకి గంట ఆటకి ఆ తేడా పెద్దగా తెలీదండి," అన్నాడు ఈశ్వర్. "మీకైతే ఫైవ్ ఎయిటీయే లాభం."

మూడు రోజుల్లో అతను తేల్చి చెప్పిన మొదటి మాట అది. తేలిపోయింది కాబట్టే వాసవికి నచ్చలేదు.

"రేపు చెప్తాం," అంది.

*

చీరల కొట్టు పద్ధతిలో ఇంకో సగం ఉంది. వాసవి ఆ సగం ఈశ్వర్‌కు చెప్పనేలేదు. లోకమంతా అలాగే చేస్తుందనుకుంది ఆమె. నచ్చని చీర దాని సంచిలోనే వెనక్కి వెళ్తుంది. నచ్చిన చీర ఇంట్లో ఉండిపోయి, దాని ఖాళీ సంచి వెళ్తుంది. అది అందగానే కొట్టువాళ్లే ఇంటికి వచ్చి ధర మాట్లాడుకుంటారు.

శనివారం పొద్దున్న వాసవి రెండు పెట్టెలూ తండ్రికిచ్చింది. ఒకదానిలో టెన్ సిక్స్‌టీ ఉంది. ఇంకోటి ఖాళీ. మధ్యాహ్నంలోగా ఈశ్వర్ రావాలి. వస్తే ఏం మాట్లాడాలో తెలియదు. కానీ వస్తాడు, అది చాలు.

రామచంద్రరావు పెట్టెల్ని నీలకంఠం షాపు కౌంటర్ మీద పెట్టి, "అమ్మాయి పంపింది," అని బ్యాంకుకు వెళ్లిపోయాడు.

ఈశ్వర్ మొదటి పెట్టె తెరిచాడు, సరిగ్గా ఉంది. రెండోది తెరిచాడు. అట్టలో కార్డు ఆకారంలో గుంట మాత్రం ఉంది. పెట్టె తలకిందులు చేసి దులిపాడు. ఫోన్ తీసి, మళ్లీ జేబులో పెట్టేశాడు. 'కార్డేదండీ' అని ఫోన్‌లో అడిగితే దొంగతనం అంటగట్టినట్టు ఉంటుంది. నేరుగా వెళ్తే కొంచెం మర్యాద. గొడుగు ఇచ్చే వంకా ఉంది.

తీరా మెట్లెక్కాక చూసుకుంటే చేతిలో పెట్టె ఉంది గానీ గొడుగు లేదు.

తలుపు తీసిన వాసవి అతన్ని చూసి నవ్వబోయి, పెట్టెను చూసి ఆగిపోయింది. ఖాళీ సంచి తిరిగి తెచ్చిన కొట్టువాణ్ని ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అంటే అమ్మనంటున్నాడా?

"ఇదేటి, వెనక్కి తెచ్చేశారు?"

"మీరు... ఇందులో పెట్టడం మర్సిపోయారేమో అని."

"ఏటి పెట్టడం?"

"కార్డండి."

"కార్డు కంప్యూటర్లో ఉంది కదా."

"మరి పెట్టె ఎందుకు పంపారండి?"

"కార్డు ఉంచుకున్నాను కాబట్టి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బ్యాంకు నుంచి అప్పుడే మెట్లెక్కి వచ్చిన రామచంద్రరావు, ఇద్దర్నీ పెట్టెనూ చూసి నవ్వాపుకోలేక గుమ్మం పట్టుకున్నాడు. తర్వాత ఖాళీ సంచి కథంతా చెప్పాడు.

"ఇది మా తాతల నాటిది, బాబూ. నచ్చిందని నోటితో అంటే బేరం చెడిపోద్ది. కొత్త పెళ్లికూతుళ్లకైతే సిగ్గూనూ. ఖాళీ సంచి పంపితే చాలు. చూసినోడికి తెలిసిపోద్ది."

"నోటితో సెప్పక్కర్లేదా అండి?"

"అక్కర్లేదు."

ఈశ్వర్ ఆ పెట్టెను చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. రామచంద్రరావు ఫోన్‌లోనే డబ్బు పంపేశాడు. ఈశ్వర్ "ఎల్లొస్తానండి," అని వెళ్లిపోయాడు. గొడుగు మాట ఎత్తలేదు. ఛత్రపూర్ మాట ఎత్తలేదు.

వాసవి కంప్యూటర్ పెట్టి లారీ తోలింది. ఊళ్లో ఎక్కడా తడబడకుండా బండి వెన్నలా పోయింది. ఆమెకు ఏడుపొచ్చింది.

*

సోమవారం పదింటికి రామచంద్రరావు కింది నుంచి కేకేశాడు. వాసవి కొట్లోకి వచ్చేసరికి ఆయన పరుపు మీద కూర్చుని ఏదో గుడ్డముక్కను నిమురుతున్నాడు.

"ఆ కంప్యూటర్ అబ్బాయి బస్సుకి పోతా ఆగాడు. నీకిమ్మన్నాడు."

వంకాయ రంగు గొడుగు తొడుగు. ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి ఉంది. లోపల ఏమీ లేదు.

వాసవి దాన్ని విప్పింది. వేలు పెట్టి చూసింది. మళ్లీ మడిచింది. వారం రోజులుగా అర్థం కానివన్నీ ఒక్కొక్కటే సర్దుకుని తమ తమ అరల్లో కూర్చుంటుంటే, ఆమెకు తలెత్తి తండ్రి వైపు చూసే ధైర్యం లేకపోయింది.

నలభై ఏళ్లుగా ఖాళీ సంచులు చదివిన మనిషి రామచంద్రరావు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"గొడుగు ఎప్పుడిచ్చావు?"

"గురువారం."

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టాడు. శుక్రవారం, శనివారం, ఆదివారం.

"మూడు రోజులు దాటిపోయిందమ్మా. ఇంక మనం తిరిగి అడగడానికి లేదు." లెక్కపెట్టిన చెయ్యి దించి అన్నాడు, "కొట్టువాళ్లే ఇంటికెళ్లి మాట్లాడుకోవాలి. గిరిసోల దగ్గరన్నాడు కదూ. ఊరి పేరు కనుక్కో."

వాసవి మెట్లు రెండేసి ఎక్కి పైకి వెళ్లి ఫోన్ చేసింది.

"దారిలో వాన పడతందా?"

"పడతందండి," అన్నాడు ఈశ్వర్. బస్సు హోరుకు గొంతు పెంచాడు. "నాకు గొడుగుంది."