ఆపరేషన్ ప్రార్థన మనవి

"కొరమీను దొరుకుతుందాండీ?"

"ఇవాళ రొయ్యే ఉందండి. పైన అడగండి."

కోడ్ సరిపోయింది. ఏలూరు పవర్‌పేటలో వలలు అమ్మే కొట్టు వెనక మెట్లెక్కి, ఏజెంట్ సాల్మన్ పైగదిలోకి అడుగుపెట్టాడు. ఉదయం ఎనిమిదిన్నర. బల్ల వెనక చీఫ్ జోగారావు కూర్చుని ఉన్నాడు. కొంపలు మునిగినా టిఫిను ఆపే మనిషి కాదాయన. ఇడ్లీ తింటూ చెప్పాడంటే అది మామూలు కేసు. ఇవాళ పొట్లం విప్పనే లేదు.

"కూర్చో. టైం తక్కువ."

బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో అయిపోయింది. ఒక విదేశీ ముఠా మన దేశంలో ఇళ్ల గుట్లు కొంటోంది. ఏ ఉద్యోగి ఇంట్లో ఏ జబ్బు ఉంది, ఎవరి కొడుకు తాగుతున్నాడు, ఎవరి కాపురం కోర్టు దాకా వచ్చింది అని ఆరా తీసి, ఆ పట్టు మీద ఆ ఉద్యోగి మెడ వంచుతుంది. ఈసారి సరుకు ఏలూరు జిల్లా నుంచి వెళ్తోంది. అమ్ముతున్న మనిషి పేరు ఇందుజ.

జోగారావు ఫోటో ముందుకి తోశాడు. చేనేత చీర, నల్ల కళ్లద్దాలు, ఎదుటివాడు తన రహస్యం తానే చెప్పేసేలా చేసే నవ్వు.

"ఇండిపెండెంట్ అభ్యర్థి ప్రసన్నకుమారికి క్యాంపెయిన్ మేనేజర్. రెండేళ్ల కిందట ఇంకో అభ్యర్థి దగ్గర ఉండగా, ప్రత్యర్థి గొంతుతో దొంగ ఆడియో తయారుచేసి దొరికిపోయింది. పేపర్లన్నీ రాశాయి. కేసు ఇంకా నడుస్తోంది. అన్నీ తెలిసి ఈ రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ గారు పిలిచి మరీ పెట్టుకుంది. ఆవిడ బుద్ధిని ఏమనాలి?"

ఆ హెడ్‌మిస్ట్రెస్ సాల్మన్‌కి అయిదో తరగతిలో లెక్కలు చెప్పింది.

జోగారావు దగ్గి, గొంతు తగ్గించాడు. "మనమూ పెట్టుకున్నాంలే. ఏడాదిగా మనకి ఇన్‌ఫార్మర్. రిపోర్టులు చక్కగా రాస్తుంది. మనం ఆవిడ ఫోన్లు వింటామని ఆవిడకి తెలుసు. అందుకే సరుకు నెట్‌లో పంపదు. చేతికే అందిస్తుంది. అది ఇవాళే. ఇది ముఠాకి మనిషి చేత పంపిన శాంపిల్, దారిలో మనకి చిక్కింది."

ఒక కాగితం ఇచ్చాడు. గీతల నోటుపుస్తకంలో ఒక పేజీకి నకలు. తేదీ, పేరు, మనవి. నాలుగో వరుసలో ఇలా ఉంది: "పాపమ్మ. మోకాళ్ల నొప్పులు. చర్చి మెట్లు ఎక్కలేకపోతున్నాను. ప్రభువు కరుణించాలి."

పక్కకి ఒరిగిన ఆ అక్షరాలు సాల్మన్ తల్లివి.

వాళ్ల ఊరి చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థనలో స్త్రీలు రాసుకునే మనవుల పుస్తకం అది. ఇంట్లో మొగుడికి కూడా చెప్పుకోలేని మాట అందులో రాస్తారు. మిగతావాళ్లు చదివి, ప్రార్థించి, అక్కడే మరిచిపోతారు. ఆ ఊళ్లో ఎవరూ గీత గీసి చెప్పకపోయినా ఎవరూ దాటని కట్టుబాటు అది.

"ఏదో ప్రార్థనల పుస్తకంలా ఉంది. మిగతా పేజీల్లో ఏముందో తెలీదు. నీకేమైనా అంతుపడుతోందా?" అడిగాడు జోగారావు.

"లేదు సర్."

అతని పదకొండేళ్ల సర్వీసులో చీఫ్‌తో ఆడిన మొదటి అబద్ధం అది. మిగతా పేజీల్లో ఏముందో అతనికి తెలుసు. క్రిస్మస్ సెలవులకి వెళ్లినప్పుడు, నీ ఉద్యోగం తలుచుకుంటే నిద్రపట్టడం లేదురా అని తల్లి ఏడ్చింది. ఆమెని ఊరుకోబెట్టడానికి, నాది నయమమ్మా, నా స్నేహితుడు వీరేంద్ర పరాయి దేశంలో మారుపేరుతో మందుల కంపెనీలో ఉన్నాడు అని, ఆ పేరూ ఊరూ కూడా చెప్పేశాడు. పాపమ్మ మనసు కరిగిపోయింది. ఆ శుక్రవారమే ఆ బిడ్డ కోసం మనవి రాసింది. దేవుడు ఏ పేరుతో వెతకాలో తెలియాలి కదా అని రెండు పేర్లూ రాసింది. ఊరి పేరు కూడా రాసింది. సాయంత్రం ఇంటికొచ్చి చెబితే సాల్మన్ నవ్వి ఊరుకున్నాడు.

ఇప్పుడు నోరు విప్పితే చాలు, ఒక్క ఫోన్‌తో వీరేంద్రని బయటికి లాగేస్తారు. కానీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సరుకు ముందే పట్టుకుంటే ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు కదా అనుకున్నాడు. స్నేహితుడి ప్రాణం కన్నా తన పరువు ఆ పూటకి ఎక్కువైంది. ఆ సంగతి అతనికి అప్పుడే తెలుసు.

పది గంటలకి తాడేపల్లిగూడెంలో ఒక లాడ్జి రెండో అంతస్తుకి ఏసీ మెకానిక్ వచ్చాడు. ఇందుజ వార్ రూం అదే. గోడల నిండా బూత్‌ల మ్యాపులు. సాల్మన్ చేతిలోని స్క్రూడ్రైవర్ పిడి నిజానికి డేటా రీడర్. కంప్యూటర్‌కి ఆనించగానే చెప్పేసింది: ఉదయం ఆరింటికి నోటుపుస్తకం పేజీల ఫైలు ఒక మెమరీ కార్డులోకి ఎక్కింది, తర్వాత అసలుది తుడిచేశారు. అంటే ఒక్కటే కాపీ. బీరువాలో నోటుపుస్తకం దొరికింది. పేజీలు తిప్పుతూ పదిహేడో పేజీ దగ్గర ఆగాడు. వీరేంద్ర, అతని మారుపేరు, ఊరు, కంపెనీ, చివర 'ఈ బిడ్డను నీ రెక్కల చాటున దాచు తండ్రీ' అని ఉంది. పుస్తకం చొక్కాలో దోపుకున్నాడు. బల్ల మీద ఆ రోజు ప్రోగ్రాం ఉంది. పదకొండూ నలభైకి కొల్లేటి గట్టు మీద ప్రచారం, డ్రోన్ షూటింగ్.

కార్డు డ్రోన్ మీదే దాటుతుందని జోగారావుకి అప్పుడే కబురు చెప్పి, దారిలో మళ్లీ ఫోన్ చేశాడు. డ్రోన్‌ని దించే జామర్ రాజమండ్రి నుంచి బయల్దేరిందనీ, గుండుగొలను దగ్గర బండి టైరు పంక్చరయ్యిందనీ ఆయన చెప్పాడు. సరస్సులో పక్షుల్ని చూసే వంకతో ఒక విదేశీయుడు పడవలో తిరుగుతున్నాడట. మన మనుషులిద్దరు జాలర్ల వేషంలో ఉన్నారు గానీ దూరంగా ఉన్నారు.

కొల్లేటి గట్టు జనంతో నిండి ఉంది. సాల్మన్ గడ్డం అంటించుకుని, టోపీ పెట్టుకుని, మైకు సెట్టు కుర్రాళ్లలో కలిసిపోయాడు. మూడేళ్లు విదేశాల్లో నిలబడిన మారువేషం ఇక్కడ మూడు నిమిషాలు కూడా నిలవలేదు.

"సాల్మన్, ఆ గడ్డమేంట్రా?" అంది ప్రసన్నకుమారి జీపు దిగుతూ. "అమ్మ చూస్తే ఏడుస్తుంది."

ఆమెని జీపు చాటుకి తీసుకెళ్లాడు. ఇందుజ సంగతి చెప్పి, పుస్తకం తీసి చూపించాడు. ముప్పై ఏళ్లు బడిని గడగడలాడించిన మనిషి ముఖం పాలిపోయింది. స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు ఆమే, పుస్తకం ఆమె దగ్గరే ఉంటుంది. రెండు రోజులకని ఇందుజ అడిగింది. జనం కష్టం తెలియకుండా ఓటెలా అడుగుతారండీ అంది. ఆ మాట బాగుందనిపించి ఇచ్చేసింది.

"ఆవిడ సంగతి తెలిసి ఎందుకు పెట్టుకున్నారండీ?"

"అందరూ వద్దన్నార్రా. నా క్లాసులో కాపీ కొట్టి దొరికినవాళ్లని కూర్చోబెట్టి పాస్ చేయించాను, ఈ పిల్లని మార్చలేనా అనుకున్నాను. పైకి చెప్పింది అది." ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఆగింది. "గెలిపిస్తుందని పెట్టుకున్నాను. లోపల ఉన్నది అది."

ఆమె పుస్తకంలోని పేజీ వైపు చూసి, ఈ అబ్బాయి సంగతి పాపమ్మకి ఎవరు చెప్పారని అడిగింది.

"నేనేనండి," అన్నాడు సాల్మన్.

ప్రసన్నకుమారి పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది.

అప్పుడే గట్టు చివర డ్రోన్ లేచింది. సాల్మన్ పరుగెత్తాడు. అతను చేరేసరికి ఇందుజ నవ్వుతూ రిమోట్‌ని నీళ్లలోకి విసిరేసింది. డ్రోన్‌కి దారి ముందే నేర్పి పెట్టింది. దాని కడుపు కింద టేపుతో అంటించిన మెమరీ కార్డు ఎండలో మెరిసింది. అర కిలోమీటరు అవతల పడవలో దుర్భిణీ పట్టుకున్న మనిషి లేచి నిలబడ్డాడు. మధ్యలో నీటి మీద గూడబాతులు వందల్లో తేలుతున్నాయి. డ్రోన్ వాటి తలల మీదుగా, తక్కువ ఎత్తులో పోతోంది.

పక్షులు లేస్తే డ్రోన్ పడిపోతుంది. సాల్మన్ వెనక్కి తిరిగాడు. జీపులో వెయ్యి వాలా టపాకాయల దండలున్నాయి. స్వాగతానికి తెచ్చినవి. పక్షులు బెదురుతాయని ప్రసన్నకుమారే కాల్చనివ్వలేదు. కొల్లేటి పక్షుల్ని కాపాడతానన్నది ఆమె కరపత్రంలో మొదటి వాగ్దానం. గట్టు మీద రెండు వందల మంది, రెండు వందల ఫోన్లు.

అతను జీపు దగ్గరికి చేరేసరికి ఆమె దండ విప్పి గట్టు మీద పరిచేసింది. చేతిలో అగ్గిపెట్టె ఉంది.

"నేను వెలిగిస్తానండి. మీరు పక్కకి రండి."

"పుస్తకం ఇచ్చింది నేనురా," అంది ప్రసన్నకుమారి.

గట్టు దద్దరిల్లింది. సరస్సు అంతా ఒక్కసారి రెక్కలయిపోయింది. డ్రోన్ పడవకి పది గజాల దూరంలో ఉంది, పడవలోని మనిషి చెయ్యి చాచాడు. ఒక పెద్ద గూడబాతు రెక్క తగిలి డ్రోన్ గిరగిరా తిరిగి గుర్రపుడెక్క మీద బోర్లా పడింది. అతను దాని కోసం వంగేలోగా జాలర్ల పడవ వచ్చి ఢీకొంది. కార్డు రెండు ముక్కలై, చదవడానికి వీల్లేకుండా మనవాళ్ల చేతికి వచ్చింది.

ఇందుజ చేతులకి బేడీలు పడ్డాయి. అయినా కళ్లద్దాలు తీయలేదు. "నన్నెందుకు అలా చూస్తారండీ?" అంది సాల్మన్‌తో, మెత్తగా. "ఆ పుస్తకంలో నేను ఒక్క ముక్క రాయలేదు."

సాల్మన్ అంటించుకున్న గడ్డం పీకి జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికల్లా వీడియో జిల్లా అంతా తిరిగింది. పక్షుల్ని కాపాడతానన్న టీచరమ్మే టపాకాయలు కాల్చింది. అటవీ శాఖ కేసు పెట్టింది. విలేఖరులు చుట్టుముట్టి ఎందుకు కాల్చారని అడిగితే, "కాల్చింది నేనే," అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది. సాల్మన్ నిజం చెప్పడానికి ఆఫీసు ఒప్పుకోలేదు. ఆమె ఓడిపోయింది, డిపాజిట్ కూడా దక్కలేదు.

ఓట్ల లెక్కింపు అయిన తర్వాతి శుక్రవారం ఆమె ఉపవాస ప్రార్థనలో లేచి నిలబడి, మీ మనవులు పరాయి మనిషి చేతిలో పెట్టాను, ఓటు కోసం పెట్టాను, నన్ను క్షమించమని అడిగింది. సాల్మన్ బయట వరండాలో నిలబడి విన్నాడు. ఎవరూ తిట్టలేదు. ఎవరైనా తిడితే బాగుండునని అతనికి అనిపించింది. చివరికి సుబ్బాయమ్మ అనే పెద్దావిడ, "ఇకమీదట నోటితోనే చెప్పుకుందాం లెండి టీచరుగారూ," అని పాట అందుకుంది.

సాల్మన్ తలుపు గడప కూడా దాటలేకపోయాడు. లోపల ఆమె చేసిన పని చేయడానికి అతనికి ఒక్క తెల్ల కాగితం చాలు. అయినా అన్ని రోజులు పట్టింది. ఆ రోజే ఏలూరు వెళ్లి జోగారావు ముందు కూర్చుని రాసిచ్చాడు. లీకు తన నుంచే జరిగిందనీ, బ్రీఫింగ్‌లో తెలిసీ తెలియదన్నాననీ రాశాడు. జోగారావు రెండుసార్లు చదివాడు. ఆ రాత్రి విమానానికే వీరేంద్రని వెనక్కి రప్పించాడు. సాల్మన్‌ని ఆరు నెలలు సస్పెండ్ చేశాడు. ఇన్‌ఫార్మర్‌గా ఇందుజని పెట్టుకున్నందుకు తన మీద తనే ఒక మెమో రాసుకుని, దాన్ని డ్రాయర్‌లో పెట్టుకున్నాడు.

సాల్మన్ పెట్టె పట్టుకుని ఇంటికి వెళ్లాడు. ఇన్ని రోజులు సెలవెలా ఇచ్చారురా అని పాపమ్మ అడిగింది. బాగా పనిచేశానని ఇచ్చారమ్మా అన్నాడు. ఆమె సంతోషంగా చేపల పులుసు పెట్టడానికి లేచింది.

ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్లలో తల్లి దగ్గర అతను దాచిన మొదటి రహస్యం అదే.