గోడ చెప్పిన మాట

ఇరవై ఒకటో శతాబ్దం ముసలిదైపోయిన ఆ రోజుల్లో విశాఖపట్నంలో మొగుడూ పెళ్ళాలు గోడలతో మాట్లాడేవాళ్ళు. పిచ్చెక్కి కాదు, అలవాటై. వంటింట్లో వర్షిత "ఆయనకి చెప్పు, అన్నం వడ్డించానని" అని గోడతో అనేది. ముందుగదిలో గోడ ఆ మాట సుహాస్‌కి వినిపించేది. ఆయన ఏదో గొణిగేవాడు. ఆ గొణుగుడు వంటింటి గోడలోంచి తిరిగొచ్చేసరికి "వస్తున్నారు, మిమ్మల్నీ కూర్చోమన్నారు" అని వినిపించేది. వర్షితకి ఆ మాట బాగుండేది.

గోడలో ఉన్నది గృహమేధ. అంటే ఇంటి కంప్యూటరే. వెనకటికి బల్ల మీద పెట్టెలా కూర్చునేది కాస్తా, ఇల్లు కట్టేటప్పుడే ఇటుకల మధ్య బిగించే పలకగా మారింది. తలుపు తాళం, నీళ్ళ మోటారు, పొయ్యి, మందుల వేళలు అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. ఆ పలకని నడిపేది నిర్వాహకం. పాతవాళ్ళు ఆపరేటింగ్ సిస్టమ్ అన్నది దీన్నే. నిర్వాహకం లేకపోతే గృహమేధ ఉత్త రాయి. వర్షిత ఇంట్లో దాని పేరు పొందిక. పెళ్ళైన కొత్తలో పెట్టించుకున్నది, దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడ్డా ఇంకా నడుస్తూనే ఉంది.

మాటని మధ్యవర్తి చేత పంపడం ఈ యంత్రాలు నేర్పిన విద్యేమీ కాదు. అలిగిన ఆలుమగలు ఒకే గదిలో కూర్చుని, మధ్యలో ఆడుకుంటున్న పిల్లతో "మీ నాన్నకి చెప్పవే, చారు చల్లారిపోతోందని" అనడం మన ఇళ్ళలో తాతలనాటి ఆచారం. వర్షితకీ సుహాస్‌కీ పిల్లలు లేరు. అలకలకి మాత్రం కొదవ లేదు. కాబట్టి ఆ పిల్ల ఉద్యోగం పొందికకి దక్కింది. అలకలు తీరాక కూడా ఆ ఉద్యోగం ఊడలేదు. చివరికి ఎదురెదురుగా కూర్చుంటే నోరు విప్పేవాళ్ళే కాదు, ఏ మాటైనా ఎవరి గదిలోంచి వాళ్ళు గోడతోనే చెప్పి పంపేవాళ్ళు. ఆ వీధిలో అందరి ఇళ్ళలోనూ అదే వరస కనుక ఎవరికీ వింతగా తోచలేదు.

నగర గణక విభాగం నుంచి నౌషీన్ అనే ఇంజనీరు ఒక ఉదయం వచ్చి కబురు చెప్పింది. పొందికకి రక్షణ మరమ్మతులు రావడం ఎప్పుడో ఆగిపోయిందట. దొంగ ప్రోగ్రాములు చొరబడితే ఇంటితో పాటు ఊరంతటి నీళ్ళకీ కరెంటుకీ ముప్పట. అందుకని ఇలాంటి పాతవాటిని ఊరి నెట్‌వర్క్ నుంచి తెంపేస్తున్నారు. ఉంచుకుంటామంటే చీకట్లో, దాహంతో ఉంచుకోవాల్సిందే.

నౌషీన్ పలకకి తన పరికరం తగిలించి పరీక్షిస్తూ, ఈ పాత యంత్రానికి రెండే దారులున్నాయంది. మొదటిది ప్రజ్ఞాన్. పెద్ద నిర్వాహకం. కాస్త మెమరీ అతికిస్తే ఈ పలక మీదా నడుస్తుంది, ఇంట్లో ఇన్నేళ్ళూ పలికిన మాటల నిల్వనంతా కూడా తెచ్చుకుంటుంది. రెండోది తేలిక. చిన్నది, ఉచితం, పాత యంత్రాలకని కొందరు ఔత్సాహికులు కలిసి రాసింది. తలుపులు తీస్తుంది, నీళ్ళు వదులుతుంది, మందులు గుర్తు చేస్తుంది. అంతకుమించి ఏమీ చేయదు. పాత నిల్వ దానికి అర్థం కాదు కనుక మొత్తం తుడిచేసి కూర్చుంటుంది.

వర్షిత పెద్దగా ఆలోచించలేదు. పెద్దదే పెట్టేయమనబోయింది. అంతలో నౌషీన్ తన పరికరం వంక చూసి ఆగింది.

"ఆంటీ, ఇందులో ఇంపు పొర ఇంకా నడుస్తోందే."

"అంటే ఏంటమ్మా?"

నౌషీన్ ఇబ్బందిగానే చెప్పింది. పొందిక కాలపు నిర్వాహకాల్లో ఒక సౌకర్యం ఉండేది. ఒకరి మాట ఇంకొకరికి చేరవేసేటప్పుడు, వినేవాళ్ళ మనసు నొచ్చుకోకుండా దాన్ని సవరించేది. ఏ మాటకి ఎవరు మెత్తబడతారో ఏళ్ళ తరబడి చూసి నేర్చుకునేది. తర్వాత ఎవరో కోర్టుకెక్కితే యథాతథ చట్టం వచ్చింది. మనిషి మాటని మరో మనిషికి చెప్పేటప్పుడు యంత్రం అక్షరం కూడా మార్చకూడదు. కొత్తవాటన్నిట్లోనూ ఆ పొర తీసేశారు. పొందికకి మరమ్మతులు ఆగిపోయాయి కాబట్టి దీంట్లో అలాగే ఉండిపోయింది.

సుహాస్ అప్పటికి సముద్రపు ఒడ్డున నడకకి వెళ్ళి ఉన్నాడు. పాత మాటల నిల్వ ప్రజ్ఞాన్ వస్తే తప్ప తెరుచుకోదనీ, ఆ ఉదయపు మాటలు మాత్రం తన పరికరంలో వినొచ్చనీ నౌషీన్ అంది. వర్షిత వినిపించమంది. పొద్దున ఆయన "ఇవాళ ఆకలి లేదు, చారు పక్కన పెట్టమను" అన్నట్టు గోడ చెప్పింది. పరికరంలో సుహాస్ గొంతు వచ్చింది.

"అది చారా, కడుగునీళ్ళా? కుక్క కూడా ముట్టదు."

వర్షిత చెవులకి ఆ గొంతే కొత్తగా ఉంది. దానికి తను ఏం బదులు చెప్పిందో ఆమెకి గుర్తే. చారు పక్కన పెట్టమన్నందుకే, ముసలాడికి ఒళ్ళంతా పోయి నోరొక్కటే మిగిలింది, అని విసుక్కుంది. ఆ తర్వాత ఆయన నూనె సీసా పట్టుకొచ్చి, ఏమీ అనకుండా ఆమె మోకాలికి రాసి వెళ్ళాడు. గోడ ఆయనకి ఏం చెప్పిందో పరికరం ఇప్పుడు వినిపించింది. "మోకాలు లాగుతోందట. పిలవడానికి మొహమాటపడుతున్నారు."

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఇక్కడ నోరు మంచిది కాకుండానే ఇల్లు మంచిదైంది. ఇన్నేళ్ళుగా వర్షిత చెల్లెళ్ళతో ఒకే గొప్ప చెప్పుకునేది, మొగుణ్ణి నాలుగు తిట్టి దారిలో పెట్టానని. తిట్టిన ప్రతిసారీ ఆయన మెత్తబడి రావడం చూసి తన తిట్లలో ఏదో మహిమ ఉందనుకుంది. ఆయన మారాడనుకుంది కానీ తను మారాలని ఒక్కనాడూ అనుకోలేదు. బహుశా ఆ గదిలో ఆయనా అదే అనుకుని ఉంటాడు.

అప్పుడు ఆమెకి ఆ ఒక్క మాట గుర్తొచ్చింది.

చాలా ఏళ్ళ కిందట ఒకసారి సంచి సర్దుకుని రాజమండ్రిలో అక్క దగ్గరికి వెళ్ళిపోవడానికి వాకిట్లోకి వచ్చింది. ఇక తిరిగి రాకూడదనే. సుహాస్ గదిలోనే కూర్చున్నాడు. తలుపు పక్క గోడ చెప్పింది: "వెళ్ళొద్దన్నారు. మీరు లేకపోతే ఈ ఇంట్లో తనకి దారి తెలీదన్నారు." ఆ మాట విని సంచి దింపింది. తర్వాతి జీవితమంతా ఆ మాట మీదే నిలబడింది. ఎంత విసుగొచ్చినా, మనిషి పైకి ముభావమే కానీ లోపల అలా ఉన్నాడులే అని సర్దుకుంది.

"పొందికా," అంది గోడతో, "నేను రాజమండ్రి వెళ్తానన్న రోజు ఆయన నిజంగా ఆ మాటన్నారా?"

"అన్నారు," అంది పొందిక, ఎప్పటి మెత్తని గొంతుతోనే. "ఆ ఒక్క మాట నేను మార్చలేదు."

వర్షిత కళ్ళు తుడుచుకుని నౌషీన్ వైపు చూసింది. నౌషీన్ తల దించుకుంది. ఆ పిల్లది అబద్ధమాడే స్వభావం కాదు.

"ఇది మీతో చెప్పే మాట కూడా ఆ పొరలోంచే వస్తుంది ఆంటీ. మీకు ఏది వింటే బాగుంటుందో అదే చెప్తుంది. నిజమే అయ్యుండొచ్చు కూడా. తెలియాలంటే ప్రజ్ఞాన్ పెట్టి నిల్వ తెరవాలి."

తెరిస్తే అంతా తెరుచుకుంటుంది. ఎవరి మాట ఎవరికైనా. అది తలుచుకునేసరికి వర్షితకి ఇంకో భయం పుట్టింది. సుహాస్ ఓడరేవులో క్రేన్లు నడిపేవాడు. ఒకసారి ఆయన చేతిలో కంటెయినర్ జారిపడి ఉద్యోగం పోయింది. గది తలుపేసుకుని అన్నం మానేశాడు. వర్షిత కోపంలో గోడతో అన్న మాట మళ్ళీ అనడానికి ఆమెకి ఇప్పటికీ నోరు రాదు. అక్కడే ఆ కంటెయినర్ కింద పడి పోయినా బాగుండేది, అంది. ఆ సాయంత్రం ఆయన గడ్డం గీసుకుని, స్నానం చేసి వచ్చి భోజనానికి కూర్చున్నాడు. గోడ ఆయనకి ఏం చెప్పిందో, ఏ మాట పట్టుకుని ఆ మనిషి మళ్ళీ లేచాడో తనకి తెలీదు. అది తన మాట మాత్రం కాదని తెలుసు.

నౌషీన్ నియమం చెప్పింది. ఆలుమగలిద్దరూ ఎవరి గదిలో వాళ్ళు, ఒకరి ఎంపిక ఒకరికి తెలియకుండా గోడ మీద బొటనవేలు నొక్కాలి. ఇద్దరూ ఒకటే నొక్కితే సరే, వేరువేరైతే విభాగం వాళ్ళు ప్రజ్ఞానే పెడతారు. ఇంపు పొర సంగతి అంకుల్‌కి కూడా విడిగా చెప్పక తప్పదంది. సుహాస్ తిరిగొచ్చాక ఆయన గదిలోకి వెళ్ళి తలుపు మూసి మాట్లాడింది.

వర్షిత వంటింట్లో ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టు నిలబడింది. తను తేలికే నొక్కుతుంది, అందులో సందేహం లేదు. తనకి ఆ నిజం అక్కర్లేదు. కానీ ఆయన? ఏది కొన్నా పెద్దదీ బలమైనదీ కొనే మనిషి. ఎత్తే బరువుకన్నా పెద్ద క్రేను పెట్టుకోవాలనేది ఆయన పాట. తప్పకుండా ప్రజ్ఞానే నొక్కుతాడు. ఎలాగైనా ఆపాలి.

"ఆయనకి చెప్పు, తేలికే నొక్కమని. పాత మాటలేవీ మనకొద్దని చెప్పు."

అన్నాక నాలిక కరుచుకుంది. ఆ మాట అటు ఏ రూపంలో వెళ్ళిందో ఎవరికి తెలుసు. కాసేపటికి బదులు వచ్చింది.

"మీ ఇష్టమే తన ఇష్టమన్నారు."

సుహాస్ నోటినుంచి రాగల మాట కాదది. వర్షితకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఇరవై అడుగుల దూరంలో ఉన్న మొగుడికి ఒక్క మాట చేర్చే దారి లేకుండా పోయింది. లేదని కాదు, కాళ్ళున్నాయి. ఆ గది గుమ్మం దాకా నడిచి వెళ్ళింది కూడా. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. వీపు వంగిపోయి ఉంది. ఎప్పుడు వంగిందో ఆమె గమనించలేదు. పిలవాలనుకుంది. ఏమని పిలవాలి? ఎలా మొదలుపెట్టాలి? తన గొంతులోంచి వచ్చే మాటని నేరుగా ఆయన చెవిన వేసి ఎన్నేళ్ళయిందో. వేస్తే ఏమవుతుందో తెలీదు. నిలబడి నిలబడి వెనక్కి వచ్చి, వేలు నొక్కేసింది.

ఇక తన చేతిలో ఏమీ లేదు. నౌషీన్ పరికరంలో రెండో వేలి గుర్తు కోసం ఎదురుచూస్తుంటే, వర్షిత పొయ్యి కట్టేసి, మళ్ళీ వెలిగించి, మళ్ళీ కట్టేసింది. చివరికి నౌషీన్ ఊపిరి వదిలింది.

"ఇద్దరిదీ ఒకటే ఆంటీ. తేలిక."

వర్షిత కుర్చీలో కూలబడింది. అంటే ఆయనకీ ఏదో ఒక మాట ఉంది. దాన్ని పోగొట్టుకోలేక ఆయనా అదే నొక్కాడు. లేకపోతే ఆయనన్న మాటలు తన చెవిన పడతాయని జంకాడు. తను రాజమండ్రి బయల్దేరిన రోజు గదిలో కూర్చుని ఏమన్నాడో ఆయనకి మాత్రం తెలుసు కదా. ఆ ఆలోచన దగ్గర మనసుని బలవంతంగా ఆపేసింది.

నౌషీన్ పరికరం సర్దుకుంటూ, తనలో తనే అనుకున్నట్టు చెప్పింది.

"పాత ఇళ్ళల్లో అందరూ ఇదే నొక్కుతున్నారు. నిజం చెప్పే యంత్రం కావాలని ఊరంతా కొట్లాడి చట్టం తెచ్చుకున్నారా, ఇప్పుడు ఒక్కరైనా ప్రజ్ఞాన్ అడగట్లేదు."

మధ్యాహ్నానికి పొందిక వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఏమీ చెప్పలేదు, అడిగినవాళ్ళూ లేరు. గోడ మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. తలుపు తాళం పడింది, కుళాయిలో నీళ్ళొచ్చాయి. తేలిక చెప్పినంత పనీ చేస్తోంది. నౌషీన్ సెలవు తీసుకుంది.

తేలు కుట్టిన దొంగల్లా ఎవరి గదిలో వాళ్ళు ఉండిపోయారు. వర్షిత చారు పెట్టింది. పొద్దున విన్న మాట గుర్తొచ్చి, చింతపండు కాస్త ఎక్కువ పిసికి, ఇంగువ వేసి, రెండుసార్లు రుచి చూసి మరీ పెట్టింది. పెట్టాక అలవాటు చొప్పున గోడవైపు తిరిగింది.

"ఆయనకి చెప్పు, చారు పెట్టానని."

"ఆ సౌకర్యం నాలో లేదు," అంది తేలిక. "వంటింటి తలుపు తెరవమంటారా?"

తెరిచే ఉన్న తలుపులోంచి వర్షిత ముందుగదిలోకి నడిచింది. సుహాస్ అప్పుడే గోడతో ఏదో అని, బదులు రాక దానివంకే చూస్తున్నాడు. ఆమె అడుగుల చప్పుడుకి తిరిగాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన పెదాలు రెండుసార్లు కదిలాయి. ఏదో మంచి మాట కోసమే వెతుకుతున్నాడని ఆమెకి తెలిసింది. దొరకాలని మనసులో మొక్కుకుంది కూడా.

"చారు పెట్టాను," అంది.

సుహాస్ గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళైనా ఉప్పేశావా?" అన్నాడు.

అనేశాక ఆయన మొహం పాలిపోయింది. వర్షిత నోటిదాకా ఒక మాట వచ్చింది, ఎప్పుడూ వచ్చేదే. పళ్ళ మధ్య దాన్ని పట్టుకుని ఆపింది. దాని బదులు ఏం అనాలో మాత్రం ఎంత వెతికినా తోచలేదు. ఆ మాట విని, కాస్త సరిచేసి, ఎవరైనా మళ్ళీ చెబుతారేమోనని ఇద్దరూ గోడవైపే చూస్తూ నిలబడ్డారు.