పక్కన ఒక మనిషి

పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గు వేసి, కమలాక్షి రాగిగంజి కాచింది. ఇంట్లో ముగ్గురికీ తీసిపెట్టి, మిగిలింది చెంబులో పోసి పైన గుడ్డ కట్టింది. భర్త అంజనప్ప అప్పుడే మగ్గం గుంతలోకి దిగి కూర్చున్నాడు. ధర్మవరంలో ఆ వీధి వీధంతా పట్టుచీరలు నేసేవాళ్ళే. ఏ ఇంట్లో నుంచి విన్నా మగ్గం చప్పుడే.

"మళ్ళా పోతాండావా?" అంది అత్త రామసుబ్బమ్మ, తులసికోట దగ్గర నిలబడి.

"పోయొస్తా అత్తా. గోరంట్ల తట్టు నుంచి ఒకామెను తెచ్చి ఇడిసిపెట్టి పోయినారంట. రెండు దినాలు కూడా ఉండదంట."

"ఆమె నీకేమైతుంది? చుట్టమా?"

"ఆమెకు ఎవురూ లేరంట."

రైలు గేటు అవతల ఉన్న ధర్మాసుపత్రికి కమలాక్షి వెళ్ళడం మొదలుపెట్టి మూడేళ్ళయింది. చివరి వార్డులో ఇక బతకరని తేలిపోయినవాళ్ళు, అయినవాళ్ళు రానివాళ్ళు ఒకరో ఇద్దరో ఎప్పుడూ ఉండేవారు. ఆమె వాళ్ళ పక్కన కూర్చునేది. నోరు తడిపేది, ఒళ్ళు తుడిచేది, చెయ్యి పట్టుకునేది. అంతా అయ్యాక ఇంటికొచ్చి, తలకు నీళ్ళు పోసుకుని, భర్తకు దారం కండెలు చుట్టడానికి కూర్చునేది. చూసిన చావుల గురించి ఇంట్లో ఒక్క మాట మాట్లాడేది కాదు.

అది 1959. ఆరేళ్ళ కూతురు సుగుణ పోయి ఐదేళ్ళు. అప్పటినుంచి కమలాక్షి ఏ గుడికీ వెళ్ళలేదు. ఆసుపత్రిలో ఆయా పని చేసే రూతమ్మతో కలిసి నడుస్తుంది కాబట్టి, ఆమె కిరస్తానంలో కలిసిపోయిందని ఊళ్ళోవాళ్ళు చెప్పుకున్నారు. కలవలేదని చర్చివాళ్ళు నొచ్చుకున్నారు.

"బాప్తిస్మం తీసుకోరాదా కమలమ్మా? నువ్వు చేసేదంతా ప్రభువు పనే గదా," అని రూతమ్మ ఎన్నోసార్లు అడిగింది.

"ఎవరి పనో నాకు తెల్దక్కా. తెలీకుండా యా పేరు పెట్టుకునేది?" అనేది కమలాక్షి.

గోరంట్ల ఆమె పోయిన మర్నాడు మధ్యాహ్నం కులపెద్ద గోవిందప్ప మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. మంచం మీద కూర్చోకుండా, నిలబడే మాట్లాడాడు.

"ఏమప్పా అంజనప్పా! భజనలో నువ్వు ముందుంటావు. నీ పెండ్లామేమో ఎవరివో తెలీని పీనుగులను ముట్టుకుని వచ్చి, ఆ చేత్తోనే నీకు సంగటి పెడతాది. శుక్రవారం అమ్మవారి గుడికి పిల్చుకుని రా. ఆ మతంలో కలవలేదు, ఇంక ఆసుపత్రి గడప తొక్కను అని కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యల్ల. చెయ్యకపోతే మీ ఇంటికి వెలి. నిప్పు ఇచ్చేవాడుండడు, నీళ్ళు ఇచ్చేవాడుండడు."

వాళ్ళు వెళ్ళేదాకా అంజనప్ప తల ఎత్తలేదు. తర్వాత వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇన్యావు గదా. ఒక్క మాట కమలా. చెప్పేసి రా."

"కిరస్తానీ కాలేదని ఎన్నిసార్లయినా చెప్తా మామా. కాలేదు గాబట్టి. ఆసుపత్రికి పోనని మాత్రం చెప్పలేను."

"ఏముండాది ఆడ? యా దేవుడుండాడు?"

"నాకు యా దేవుడూ కనపడలేదు."

"మరి ఏంటికి పోతాండావు? మమ్మల్ని ఊర్లో తలెత్తుకోకుండా చెయ్యడానికా?"

కమలాక్షి చేతిలో గిన్నె కింద పెట్టింది. "పెనుకొండలో ఏం జరిగిందో నీకు గుర్తుండాదా?"

అంజనప్ప వెనక్కి ఒక అడుగు వేశాడు. ఐదేళ్ళుగా ఆ ఊరి పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

"పెండ్లికి పోయినాము. తెల్లారేసరికి బిడ్డకు వాంతిభేది పట్టుకునె. కాంపౌండరు మందిచ్చి, దగ్గర కూచుని నీళ్ళు తాపుతానే ఉండండి అన్యాడు. మనమేం చేసినాము? నువ్వు తాయెత్తు కోసం బాబయ్య దర్గాకు పరిగెత్తితివి. అత్త ఉండాది గదా అని నేను ఎదురుగా ఆంజనేయస్వామి గుడికి పోయి నూటెనిమిది చుట్లు పట్టుకుంటి. తొంభై అయినాక వద్దు, బిడ్డ కాడికి పోదామనిపించె. మధ్యలో ఇడిస్తే కీడని తిరగతానే ఉంటి. వచ్చేసరికి సల్లబడిపోయి ఉండాది." "దేవుని మీద నాకు కోపం ల్యాదు. బిడ్డ పక్కనుంచి లేచిపోయింది నేను. ఇంగ ఎవరి పక్కనుంచీ లేచిపోలేను మామా."

మూల కూర్చుని వింటున్న రామసుబ్బమ్మ మెల్లగా లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

"అంటే బిడ్డను మనమే చంపినామంటావా?" అన్నాడు అంజనప్ప.

"నేనట్ల అన్లేదు."

"అదే అన్యావు! ఇంగ నీ చేతి కూడు నాకొద్దు. నీ చేతి నీళ్ళు కూడా వద్దు."

శుక్రవారం కమలాక్షి గుడికి పోలేదు. అంజనప్ప ఒక్కడే పోయి పెద్దల కాళ్ళ మీద పడ్డాడు. ఆమెను వెనక పంచలో ఉంచి, ఆమె వంట వేరు చేస్తే వెలి తప్పిస్తామన్నారు. అలాగే చేశాడు. ఒక గోడకు ఇటూ అటూ రెండు పొయ్యిలు వెలిగాయి. ఆమె కండెలు చుట్టి గడప మీద పెడితే అతను తీసుకునేవాడు. మాటలు లేవు. ఆమె పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళడం మాత్రం ఆగలేదు.

శ్రావణంలో ఒకరోజు నీళ్ళబిందె ఎత్తబోయి రామసుబ్బమ్మ పడిపోయింది. కుడి కాలు, చెయ్యి పడిపోయాయి, మూతి పక్కకు పోయింది. లేచేది కష్టమని డాక్టరు చెప్పి వెళ్ళాడు. చుట్టాలు వరసగా వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "పాపం, ఎట్లుండే మనిషి" అని పోయారు. పక్క బట్టలు మార్చడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. అంజనప్పకు చేతకాలేదు. రెండోరోజు ఆ వాసనకు తట్టుకోలేక అతను గడప మీద తల పట్టుకుని కూర్చుంటే, కమలాక్షి ఏమీ అడగకుండా అతన్ని దాటి లోపలికి వచ్చింది.

అత్త ఒళ్ళు తుడిచింది. ఉతికిన చీర కట్టింది. నోట్లో నీళ్ళు పోస్తే, ముసలామె మింగకుండా పక్కకు వదిలేసింది. కమలాక్షి గడ్డం తుడిచి ఊరుకుంది. సాయంత్రం కూడా అంతే. మర్నాడు దప్పికకు ఆగలేక రామసుబ్బమ్మ ఆ నీళ్ళు గుటక వేసింది. వేసి, కళ్ళు మూసుకుని ఏడ్చింది.

మూడు వారాలకు మనిషి ఎముకల గూడైపోయింది. ఒకనాటి మధ్యాహ్నం పక్క గదిలో అంజనప్ప నేస్తున్నాడు. రామసుబ్బమ్మ కోడలిని దగ్గరికి రమ్మని సైగ చేసింది. మాట ముద్దముద్దగా వస్తున్నా తెలుస్తూనే ఉంది.

"కమలా... సుగుణ నిద్దట్లో పోయిందని చెప్తి గదా. అబద్దం."

కమలాక్షి ఇంకా దగ్గరికి వంగింది.

"నిన్ను అడిగింది. అమ్మ దేవుని కాడికి పోయింది, వస్తాది అన్యా. 'దేవుడొద్దవ్వా, అమ్మ కావాల' అన్యాది. మళ్ళా మళ్ళా అదే మాట. కేకేస్తే నీకు ఇనపడేంత దూరమే. లేస్తి. మొక్కు చెడుతుందని మళ్ళా కూచుంటి. చెప్తే నువ్వు బతకవని ఇన్నాళ్ళూ చెప్పలేదు."

పక్క గదిలో మగ్గం ఆగిపోయింది.

తను లేని సంగతి బిడ్డకు తెలియలేదన్న ఒక్క ఊరట ఇన్నాళ్ళూ కమలాక్షికి మిగిలింది. ఇప్పుడు అదీ పోయింది. ఆమె లేచింది. తలుపు దాకా నడిచి, ద్వారబంధం పట్టుకుని నిలబడింది. వీధిలోకి పోవాలో, గట్టిగా అరవాలో తెలియలేదు. వెనక మంచం మీద ముసలామె ఎడమచెయ్యి ఆమె కోసం తడుముకుంటోంది.

"పోతాండావా కమలా?"

కమలాక్షి తిరిగి వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"పోను అత్తా."

"నాకోసం మొక్కు. ఎవరికైనా సరే."

"ఎవరికి మొక్కల్లో నాకు తెల్దు అత్తా. ఈడనే ఉంటా."

మూడోనాడు పొద్దున, కమలాక్షి చేతిలో చెయ్యి ఉండగానే, రామసుబ్బమ్మ పోయింది.

గోవిందప్ప మనుషులతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "కోడలిని పక్కకు పొమ్మను. శవాన్ని ముట్టకూడదు. అప్పుడే మేము మోస్తాము."

అంజనప్ప బయటికి వచ్చాడు. మూడు రోజులుగా అతను నిద్రపోలేదు. "మా అమ్మకు ఆఖరు గుక్క నీళ్ళు ఈమే పోసింది. ఈమె ముట్టగూడదంటే, మీరూ ముట్టొద్దన్నా. పోండి."

"బాగా ఆలోచించుకోప్పా. మళ్ళా ఈ వీధిలో నీకు మనిషుండడు."

"ఇప్పుడు మాత్రం యాడుండాడు?"

వాళ్ళు వెళ్ళిపోయారు. రూతమ్మ మొగుడు మద్దిలేటి, ఆసుపత్రిలో ఊడ్చే ఇద్దరు వచ్చి అంజనప్పతో పాటు పాడె మోశారు. వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. తర్వాత వెలి పడింది. భజనకు పిలుపు ఆగింది. మగ్గానికి కొత్త పడుగు దారాలు అతికే మనిషి కూడా రానన్నాడు. మగ్గం ఖాళీగా నిలిచింది.

పదకొండో రోజు దాటాక కమలాక్షి గంజిచెంబు తీసుకుని బయల్దేరింది. సందు మలుపులో వెనక అడుగుల చప్పుడు వినిపించి తిరిగి చూసింది. అంజనప్ప. ఇద్దరూ కలిసి రైలు గేటు దాటారు.

చివరి వార్డులో ఒక ముసలాయన. రైల్లో దొరికాడట. పేరు తెలియదు, ఊరు తెలియదు. కళ్ళకు పొరలు కమ్మాయి. ఊపిరి గురగురమంటోంది. కమలాక్షి గుడ్డ తడిపి అతని పెదాలు అద్దింది. పక్కనున్న స్టూలు చూపించింది. అంజనప్ప చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం చెప్పల్ల?"

"ఏం చెప్పద్దు. ఊరికే కూచో."

కొంతసేపటికి అతను మెల్లగా అడిగాడు. "ఇట్ల కూచుంటే సుగుణకు తెలుస్తాదా?"

"తెల్దు మామా."

"దేవునికైనా?"

"అదీ తెల్దు."

అతను తల ఊపాడు. ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చింది. ముసలాయన చెయ్యి దుప్పటి మీద పాకి, అంజనప్ప మణికట్టుకు తగిలి, గట్టిగా పట్టుకుంది.

"వచ్చినావా కొడుకా, ఉలిగప్పా?"

అంజనప్ప బెదిరి కమలాక్షి వైపు చూశాడు. ఆమె కళ్ళు నిండి ఉన్నాయి. ముసలాయన చూపులేని కళ్ళు అతని ముఖం కోసం వెతుకుతున్నాయి. అంజనప్ప రెండో చేత్తో ఆ చేతిని కప్పాడు. కూతురు పోయిన నాటినుంచి రాని ఏడుపు ఇప్పుడు ముంచుకొస్తుంటే, ఆగి ఆగి అన్నాడు.

"వచ్చినా నాయనా. ఈడనే ఉండా."