ఐదు మిషన్లకు ఒక బల్ల

"ఆ పెట్టె తియ్. ఇది రూలెట్ బల్ల, నీ అరుగు కాదు."

రోరీ తలెత్తాడు. స్క్రూడ్రైవర్ల పెట్టె బల్ల అంచున పెట్టి, పక్కనున్న జూదం మిషన్ విప్పుతున్నాడు. ఎదురుగా నల్ల వెయిస్ట్‌కోటు, చిరాకు కళ్ళు.

"ఎవరైనా ఆడటానికొస్తే తీస్తాలే."

"ఆరు నెలల్నించి ఒక్కడూ రాలేదు. అయినా తియ్."

"మరి ఎవరికోసం నిలబడ్డావు తల్లీ?"

"నీ మిషన్ల కోసమే. మనిషి నిలబడ్డ బల్ల ఒకటుంటేనే ఐదు మిషన్లకు పర్మిషన్. నేను తప్పుకుంటే ఐదూ ఆపెయ్యాలి. నీ జీతం నా కాళ్ళ మీద నడుస్తోంది బాబూ!"

ఆమె పేరు టామ్సిన్. ఆ క్యాసినో ఉన్న సముద్రపు ఊరికి వేసవిలోనే జనం. మిగతా ఏడాదంతా వాన, ఆ వానలోంచి తడిసొచ్చి మిషన్ల ముందు కూర్చుని పింఛను పోగొట్టుకునే ముసలాళ్ళు.

ఆ పెట్టె గొడవైనప్పట్నించి ఆ మూల మిషన్లు తెగ పాడయ్యేవి.

"మళ్ళీ ఏమైంది దీనికి?"

"నిన్ను చూడాలని బెంగ పెట్టుకుంది."

"మిషనా, మెకానిక్కా?"

రోరీ స్క్రూ జారవిడిచాడు.

నవంబరులో ఒక మధ్యాహ్నం అతనే పిలిచాడు. "సముద్రం మీంచి వానొస్తోంది. రెండు నిమిషాలు చూసి పో."

"బల్ల వదలకూడదు."

"ఎనిమిది నెలల్నించి రానివాడు ఇప్పుడొస్తాడా?"

వెనక తలుపు దగ్గర చూరు కింద నిలబడి, వెనిగర్ చల్లిన చిప్స్ ఒకే పొట్లంలోంచి తిన్నారు. జల్లు ముఖాన కొడితే ఆమె నవ్వింది. ఆ నవ్వు చూస్తూ రోరీ రెండు నిమిషాల సంగతి మరిచిపోయాడు.

లోపలికి తొంగిచూసేసరికి పర్మిషన్లు తనిఖీ చేసే కౌన్సిల్ ఇన్‌స్పెక్టరమ్మ ఫైలు పట్టుకుని మొదటి బల్ల దగ్గరుంది. ఇరవై మిషన్లు, మనుషులున్న బల్లలు మూడే. టామ్సిన్ తన బల్ల చేరాలంటే ఆవిడ ముందునుంచే నడవాలి. స్విచ్‌లు మాత్రం వెనక తలుపు పక్కనే.

రోరీ ఐదు స్విచ్‌లూ ఆపేశాడు. ఆ మూలంతా చీకటైపోయింది.

"పదిహేను మిషన్లు, మూడు బల్లలు. సరిపోయింది. ఆపినవి లెక్కలోకి రావు," అని ఇన్‌స్పెక్టరమ్మ వెళ్ళిపోయింది.

రెండు వారాల తర్వాత మేనేజర్ క్లైవ్ రోరీ భుజం తట్టాడు.

"ఆ రోజు ఐదు మిషన్లు గంటసేపు ఆగిపోతే ఒక్కరూ అడగలేదయ్యా! ఇక ఆ మూల మనకెందుకు? శుక్రవారంతో మిషన్లూ పోతాయి, బల్లా పోతుంది, ఆ పిల్లా పోతుంది. మంచి దారి చూపించావు."

ఆ మాట టామ్సిన్‌కి చెప్పేటప్పుడు రోరీ ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

"కాపాడావనుకున్నాను," అందామె.

"నేనూ అలాగే అనుకున్నాను."

"కాళ్ళు వాచేలా నిలబడ్డానురా ఇక్కడ. ఐదు స్విచ్‌లతో నా అవసరమే లేదని తేల్చేశావు."

ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. మిషన్లు కూడా పాడవడం మానేశాయి.

శుక్రవారం మధ్యాహ్నం రోరీ యూనిఫాం లేకుండా వచ్చి, ఆమె బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"లే! ఇక్కడి పనివాళ్ళు ఆడకూడదు. క్లైవ్ చూస్తే నీ ఉద్యోగం ఊడుతుంది."

"పొద్దున్నే మానేశాను. ఈ బల్ల దగ్గర ఆడాలంటే అదొక్కటే దారి."

"పిచ్చి పట్టిందా? ఈ చలికాలంలో ఈ ఊళ్ళో పనెక్కడ దొరుకుతుంది?"

"దొరకదు." ఐదు పౌన్ల పందెం బిళ్ళ పదిహేడు అంకె మీద పెట్టాడు. "తిప్పు."

ఆమె చక్రం తిప్పి బంతి వదిలింది. బంతి గిరగిరా తిరిగి, ఎగిరి, ముప్పై రెండులో పడింది.

"ఓడిపోయావు."

"తెలుసు. నువ్వంటే ఇష్టమని చెప్పడానికి ఇంకో దారి తోచలేదు."

వెనక మిషన్లు ఒక్కొక్కటే ట్రాలీ ఎక్కి వెళ్ళిపోతున్నాయి. ఆఖరిది గుమ్మం దాటేదాకా ఆమె చూస్తూ నిలబడింది.

"గొడుగైనా తెచ్చావా?"

"లేదు."

"నీ దగ్గర అసలు ఏముందని వచ్చావు?"

టామ్సిన్ బల్ల చుట్టూ తిరిగొచ్చి, అతని పక్క కుర్చీలో కూలబడింది. ఎనిమిది నెలల్లో ఆ బల్ల దగ్గర ఆమె కూర్చోవడం అదే మొదలు.