561ని పాస్ చేసిన మెషిన్

గూఢచారి శాఖ పంపిన మూడో కొరియర్‌ను కూడా స్టేషన్ మెట్ల మీదే కాల్చేశారు. వార్త విన్న చీఫ్ నోట్లో సిగరెట్ పెట్టుకుని వెలిగించడం మర్చిపోయాడు.

“రూట్లు లీకవుతున్నాయి పంతులూ. నాలుగో కొరియర్ మీ తమ్ముడు. అవతలి పక్షం నుంచి పారిపోయొచ్చిన డిఫెక్టర్‌ని కార్లో ఎక్కించుకుని బయల్దేరాడు. ఐదింటికి బ్రిడ్జి దాటాలి. దాటేదాకా వాడి రేడియో ఆఫ్. అక్కడికి మనవాళ్లని పంపే టైమ్ లేదు.”

చీఫ్ ఎదుట నిలబడ్డ ఏజెంట్ ఒకప్పుడు లెక్కల మాస్టారు. డిపార్ట్‌మెంట్‌లో పంతులన్న పేరే స్థిరపడింది. తమ్ముణ్ని పట్టుబట్టి ఈ ఉద్యోగంలో చేర్పించిందీ అతనే.

“రూట్ ఎవరెవరికి తెలుసు?”

“ముగ్గురికి.” చీఫ్ స్క్రీన్ తిప్పాడు. 557. 561. 563.

అవి వాళ్ల సీక్రెట్ నంబర్లు. ఎవరి మెసేజ్‌కి తాళం వాళ్ల నంబరే. అది ఒకటితో, తనతో తప్ప దేనితోనూ నిశ్శేషంగా పోని సంఖ్య అయితేనే తాళం గట్టిది. పోతే, ఏయే సంఖ్యలతో పోతుందో తెలిసిన ప్రతివాడూ తాళం తీసేస్తాడు. అందుకే మెషిన్ పరీక్షించి పాస్ చేయాలని రూల్.

పంతులు అలవాటు కొద్దీ అంకెలు కూడాడు. ఐదూ ఆరూ ఒకటీ, పన్నెండు.

“561 మూడుతో పోతుంది సార్! మూడు, పదకొండు, పదిహేడు హెచ్చవేస్తే వచ్చేది ఇదే. చిన్నపిల్లాడు పట్టేస్తాడు!”

“మెషిన్ పాస్ చేసిందయ్యా!”

“చేస్తుంది. రెండుని 560 సార్లు వేసి హెచ్చిస్తుంది, 561తో భాగిస్తుంది. శేషం ఒకటొస్తే మంచి నంబరంటుంది. ఐదుతో, ఏడుతో అడిగినా ఇది అదే జవాబు చెబుతుంది. ఇలా బయటివాళ్లందరి దగ్గరా నెగ్గుకొచ్చే దొంగ సంఖ్యల్లో అన్నిటికన్నా చిన్నది ఇదే. మూడో, పదకొండో, పదిహేడో లోపల్నుంచి అడిగితేనే దొరుకుతుంది.”

“ఇంతమందిలో ఒక్కడూ అంకెలు కూడలేదా?”

“మెషిన్ ఉండగా ఎవడు కూడతాడు సార్?”

చీఫ్ తల దించుకున్నాడు. “ఆ నంబరు మీ ఆవిడది. తనే ఏరి పెట్టుకుంది.”

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. లై డిటెక్టర్ ముందు నవ్వుతూ కూర్చుని ప్రతిసారీ నెగ్గిన మనిషి ఆమె. ఆ గొప్ప నలుగురికీ చెప్పుకు తిరిగిన మొగుడు తనే కదా! పంతులుకి ఒళ్లు మండిపోయింది.

తమ ఫ్లాట్ తలుపు తోసేసరికి ఆమె అద్దం ముందుంది. చేతిలో పౌడర్ డబ్బా, అందులో ట్రాన్స్‌మిటర్.

“పంపేశావా?” పిస్టల్ గురిపెట్టాడు.

“పంపేశాను.” ఆమె అద్దంలోంచే చూసింది. “కార్లో ఉన్నది మీ తమ్ముడని తెలియదండీ.”

“తెలిస్తే ఆగేదానివా?”

ఆమె లిప్‌స్టిక్ మూత పెట్టింది.

ఆ మూత చప్పుడు కన్నా అబద్ధమే నయమనిపించింది అతనికి. ఆమె చేతిని కిటికీ ఊచకు హాండ్‌కఫ్స్‌తో బిగించి, డబ్బా లాక్కున్నాడు. 561 తాళం వేసి మెసేజ్ కొట్టాడు: ‘రూట్ మారింది. బ్రిడ్జి కాదు, రేవు.’ ఆ తాళాన్ని అవతలివాళ్లు అనుమానించరు.

ఐదు దాటింది. ఫోన్ మోగింది.

“అన్నయ్యా, దాటేశాం! పక్క మేడ మీద ఎవడో తుపాకీ సర్దుకుని రేవు వైపు పరిగెత్తాడు! వదినకి చెప్పు, భోజనానికి అక్కడికే వస్తున్నా.”

తమ్ముడు బతికాడు. పంతులు కిటికీ ఊచ దగ్గరున్న ఆమె వైపు చూశాడు.

“మీ వదిన ఊరెళుతోందిరా,” అన్నాడు పంతులు. “వచ్చేటప్పుడు నాకూ ఏదో ఒకటి పార్సిల్ కట్టించుకురా.”