తేదీ వేసే మీట

"రేపు మీ అక్క విచారణ. నేరం రుజువైతే మరణశిక్ష," అన్నాడు చీఫ్.

వేషం మార్చడంలో, గొంతు మార్చడంలో ఏజెంట్ గోరింకను మించినవాడు సర్వీసులో లేడు. అలాంటివాడు ఈసారి సొంత గొంతుతోనే, తను చేయాల్సిందేమిటో అడిగాడు. అక్క కూడా ఏజెంటే. రెండేళ్ల కిందట ఆమె రేవు మ్యాపులను విదేశీ ముఠాకు చేరవేసిందని అభియోగం. మూడు నెలలుగా సెల్‌లో ఉంది.

సాక్ష్యం మాత్రం ఇంకా పుట్టలేదు. అక్క పేరుతో ఒక పాత రిపోర్టును ఈ సాయంత్రం పుట్టించబోతున్నది కెంపు. విచారణ కమిటీలో డాక్యుమెంట్ ఆఫీసర్, చూపు తిప్పుకోనివ్వని అందగత్తె, లోపల ఆ ముఠా మనిషి. ఆ సంగతి చీఫ్‌కు తెలుసు, రుజువు లేదు.

ఆ ఆఫీసులో తేదీని ఎవరూ చేత్తో టైప్ చేయరు, చేసినా కమిటీ ఒప్పుకోదు. ఎడిటర్‌లో ఒక మీట నొక్కితే, కంప్యూటర్ గడియారం చూసి అదే తేదీ వేస్తుంది. కెంపు గడియారాన్ని రెండేళ్లు వెనక్కి తిప్పి ఆ మీట నొక్కుతుందని చీఫ్ అంచనా.

మధ్యాహ్నం గోరింక ఏసీ మెకానిక్‌గా ఆమె గదిలో దూరాడు. పెన్నులో దాచిన గ్యాడ్జెట్ ఆమె రహస్య ఫోల్డర్ ముందు చేతులెత్తేసింది. అందినది ఎడిటర్ సెట్టింగ్స్ ఒక్కటే. మీట నొక్కితే తేదీకి బదులు, 'ప్రింటైన రోజు తేదీ వెయ్యి' అన్న ఆదేశం ఫైల్లో చేరేలా మార్చాడు. పనయ్యాక ఆమె గడియారాన్ని మళ్లీ సరిచేసేదాకా, తెరమీది ప్రూఫ్‌లో పాత తేదీయే కనిపిస్తుంది. ఫైలు తెరిచి పైవరుసలో ఆ ఆదేశాన్ని చదివిందా, అక్క పని అయిపోయినట్టే.

మర్నాడు ప్రింటర్ ఆపరేటర్ వేషంలో కమిటీ గది మూల నిలబడ్డాడు. ఎదురుగా అక్క, బాగా చిక్కిపోయింది. నోరు విప్పడానికి లేదు, కదలడానికి లేదు. ఇంత శిక్షణా ఎందుకు తగలెయ్యనా అనుకున్నాడు.

కెంపు ఫైలు తెరిచింది. కళ్లజోడు పెట్టుకుని కిందనుంచి ఒక్కొక్క వరుసే పైకి జరుపుతోంది. ఇంకో రెండు వరుసలు జరిపితే ఆదేశం బయటపడుతుంది.

"చదివింది చాలు. ప్రింటివ్వండి," అన్నాడు చైర్మన్ విసుగ్గా.

మిషన్ కాగితాన్ని బోర్లా వదిలింది. తిప్పి చూసే హక్కు ఆపరేటర్‌కు లేదు. ఆ కాగితాన్ని తన చేతులతోనే మోసుకెళ్లి చైర్మన్ ముందు పెట్టాడు.

చైర్మన్ చదివి, కెంపు వైపు చూశాడు. "ఇది ఎప్పటి రిపోర్టమ్మా?"

"రెండేళ్ల కిందటిది సార్. మీటతో వేసిన తేదీయే."

"ఇందులో ఇవాళ్టి తేదీ ఉంది. సెల్‌లో ఉన్న మనిషి ఇవాళ దీన్నెలా రాసింది?"

చైర్మన్ కంప్యూటర్ లాగ్ తెప్పించాడు. నిన్న సాయంత్రం గడియారం వెనక్కి తిరిగిన జాడ అందులో దొరికింది. గార్డులు కెంపును తీసుకెళ్లారు.

వరండాలో సంకెళ్లు విప్పించుకుని అక్క తమ్ముడి దగ్గరికొచ్చింది. గోరింకకు ఏడుపు ఆగలేదు.

"కాగితం మీద ఏ తేదీ పడిందో చూశావుగా?" అంది అక్క.

"ఆ, ఇవాళ్టిదే పడిందక్కా."

"ఇవాళ నా పుట్టినరోజురా."

గోరింక కళ్లు తుడుచుకుని, దగ్గర్లో వేరే వేషమేదైనా దొరుకుతుందేమోనని చుట్టూ చూశాడు.